హావ్‌లాక్‌లో పిల్లలతో స్కూబా: మొదటి మూడు మీటర్లలోనే తేలిపోతుంది

వ్యాఖ్యాత: నమస్కారం. వేసవి సెలవులకి అండమాన్ వెళ్లే తల్లిదండ్రులు మాకు ఎక్కువగా పంపిన ప్రశ్న ఇది: "మా అమ్మాయికి పదకొండేళ్లు. నాతో పాటు స్కూబాకి దింపొచ్చా?" స్కూబా అంటే సిలిండర్‌లోని గాలి పీలుస్తూ నీళ్ల లోపల ఈదడం. దీని గురించి మాట్లాడటానికి అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపంలో పిల్లలకి నేర్పే డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ గారు, చెవి ముక్కు గొంతు వైద్యురాలు, అండమాన్ యాత్రలు ఏర్పాటు చేసే టూర్ నిర్వాహకురాలు స్టూడియోలో ఉన్నారు. సార్, ముందు వయసు సంగతి చెప్పండి.

ఇన్‌స్ట్రక్టర్: సముద్రంలో డిస్కవర్ స్కూబాకి, అంటే కోర్సు చేయనివాళ్లని ఇన్‌స్ట్రక్టర్ వెంట తీసుకెళ్లే మొదటి డైవ్‌కి, పదేళ్లు నిండాలండి. డైవింగ్ శిక్షణ సంస్థ పాడి (PADI) నిబంధనల్లో ఎనిమిదేళ్ల పిల్లలకి బబుల్‌మేకర్ అనే కార్యక్రమం ఉంది, అందులో రెండు మీటర్ల లోతు దాటకూడదు. పదేళ్లు నిండినవాళ్లకి గరిష్ఠం 12 మీటర్లు. కోర్సు చేసి జూనియర్ కార్డు తీసుకున్న పది, పదకొండేళ్ల పిల్లలకీ అంతే. అలాగని 12 మీటర్ల దాకా తీసుకెళ్లమని ఎవరూ పట్టుబట్టొద్దు. హావ్‌లాక్ తీరంలోని నెమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర ఒడ్డు నుంచి నడిచి దిగితే ఐదారు మీటర్లలోనే క్లౌన్ చేపలు, చిలక చేపలు కనిపిస్తాయి. ఎండ బాగా దిగేదీ అక్కడే. లోతుకి పోయేకొద్దీ ముందు ఎరుపు రంగే కనిపించకుండా పోతుంది.

వైద్యురాలు: నేనైతే పన్నెండేళ్లు వచ్చేదాకా ఆగమంటాను. చిన్నపిల్లల్లో చెవినీ గొంతునీ కలిపే యూస్టేషియన్ గొట్టం సన్నగా ఉంటుంది, పెద్దవాళ్లలో కంటే అడ్డంగా ఉంటుంది. అందువల్ల చెవిలో ఒత్తిడి సరిచేసుకోవడం వాళ్లకి కష్టం.

ఇన్‌స్ట్రక్టర్: ఒప్పుకుంటాను డాక్టర్ గారూ. కాకపోతే పదేళ్ల పిల్లలందరూ ఒకలా ఉండరు. చెప్పింది విని, అదే వరసలో చేసి చూపించగలిగే పిల్ల అయితే ఐదు మీటర్లకి సరిపోతుంది. పన్నెండేళ్లు వచ్చినా నీళ్లలో ముఖం పెట్టడానికి ఇష్టపడని పిల్లాడిని నేను దింపను.

వ్యాఖ్యాత: నాన్న పక్కనే ఉంటాడుగా, భయం ఎందుకు అంటారు చాలామంది.

ఇన్‌స్ట్రక్టర్: అక్కడే పెద్ద పొరపాటు జరుగుతుందండి. నాన్నకి కూడా అదే మొదటి డైవ్ అయితే ఆయన అమ్మాయికి తోడు కాదు, ఇంకో విద్యార్థి. నీళ్లలో అమ్మాయి కంగారుపడగానే ఆయన చెయ్యి పట్టుకుని పైకి లాగేస్తాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి ఉందనుకోండి, ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. పది మీటర్ల లోతులో పీల్చిన ఒక లీటరు గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. లోతు మీటరు, మీటరున్నర ఉన్నా ఊపిరి బిగబట్టి లేస్తే ప్రమాదమే. అందుకే అమ్మాయికి ఒక ఇన్‌స్ట్రక్టర్, నాన్నకి ఇంకొకరు. డబ్బు కట్టే ముందు ఈ మాట తేల్చుకోండి.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, చెవుల విషయం కాస్త వివరంగా చెప్పండి.

వైద్యురాలు: నీటి పైన ఉన్న ఒత్తిడి పది మీటర్లకి రెట్టింపు అవుతుంది. కానీ చెవికి గట్టి దెబ్బ మొదటి మూడు మీటర్లలోనే తగులుతుంది, ఎందుకంటే గాలి వేగంగా కుంచించుకుపోయేది అక్కడే. చెవిలోకి గాలి పంపకుండా నాలుగు అడుగుల లోతుకి దిగితే చాలు, ఆ గొట్టం మూసుకుని బిగుసుకుపోవచ్చు. ఆ తర్వాత ఎంత ఊదినా తెరుచుకోదు. నొప్పి వచ్చాక ఊదడం అంటే ఆలస్యమైపోయినట్టే. నీళ్లలోకి దిగే ముందు పైనే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకీ ఒకసారి, ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. మెల్లగా అంటే నిజంగా మెల్లగా. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది.

వ్యాఖ్యాత: ఇంట్లో అలవాటు చేయించొచ్చా?

వైద్యురాలు: తప్పకుండా. వారం ముందు నుంచి రోజూ నాలుగైదుసార్లు ముక్కు పట్టుకుని గుటక వేయించండి. "టప్" మని చిన్న శబ్దం వినిపించిందా అని అడగండి. రెండు చెవుల్లోనూ వినిపించాలి. ఒక చెవి ఎప్పుడూ పలకకపోతే ప్రయాణానికి ముందే మా దగ్గరికి తీసుకురండి.

ఇన్‌స్ట్రక్టర్: దిగేటప్పుడు కాళ్లు కిందికి, తల పైకి ఉండాలి. తాడు పట్టుకుని దిగితే ఎక్కడైనా ఆగొచ్చు. చెవి పట్టేసినట్టు ఉంటే చెవి వైపు వేలు చూపించి, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపాలి. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తాం. రెండు మూడుసార్లు చూసినా కుదరకపోతే ఆ రోజుకి డైవ్ అయిపోయినట్టే.

వ్యాఖ్యాత: జలుబు చేసి ఉంటే?

వైద్యురాలు: దిగకూడదు. ముక్కులో చుక్కలు వేసి దింపుతామంటారు కొందరు, అది ఇంకా ప్రమాదం. మందు పనిచేస్తున్నంతసేపూ చెవి తెరుచుకుంటుంది, పిల్ల హాయిగా దిగుతుంది. నీళ్లలో ఉండగానే మందు బలం తగ్గితే పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి బయటికి పోయే దారి ఉండదు. దిగేటప్పుడు నొప్పి వస్తే వెనక్కి రావచ్చు. పైకి వచ్చేటప్పుడు వస్తే ఎటు పోతాం, పైకి రావాల్సిందేగా? ఇంకో మాట. ఉబ్బసం, మూర్ఛ, కర్ణభేరికి రంధ్రం, చెవిలో పెట్టిన గొట్టాలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆరోగ్య ప్రశ్నాపత్రంలో దాచొద్దు. డైవింగ్ తెలిసిన డాక్టరు రాసిస్తేనే దిగాలి.

వ్యాఖ్యాత: సార్, పరికరాలు పిల్లలకి సరిపడా దొరుకుతాయా?

ఇన్‌స్ట్రక్టర్: బుక్ చేసేటప్పుడే అడగాలి. మాస్కుతో మొదలుపెడదాం. పట్టీ వేయకుండా మాస్కుని ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా గాలి పీల్చమనండి. చెయ్యి తీసినా పడిపోకపోతే సరిపోయినట్టు. అంచు కింద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు కారుతూనే ఉంటాయి, జడ ఉన్న పిల్లలకి నుదురు దగ్గర బాగా చూడాలి. తర్వాత నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్టు, దాన్నే బీసీడీ అంటారు. తొడిగి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి. చెవుల దాకా లేచిందంటే పెద్దది. నీళ్లలో అది పైకి పోయి తల ఒక్కటే ఊగుతూ ఉంటుంది. గాలి పీల్చడానికి నోట్లో పెట్టుకునే ముక్క కూడా చిన్నది కావాలి. పెద్దది పెడితే పది నిమిషాల్లో దవడ నొప్పెడుతుంది.

సిలిండర్ మామూలు అల్యూమినియంది, నిండుగా ఉంటే దాదాపు 17 కిలోలు. ముప్పై కిలోల పిల్ల వీపుకి అది తగిలించి ఇసుకలో నడిపించకూడదు. నీళ్లలో తేలుతుండగా తొడగాలి, లేదా చిన్న సిలిండర్ పెట్టాలి.

వ్యాఖ్యాత: సైగల గురించి కూడా చెప్పారు మీరు, కార్యక్రమానికి ముందు.

ఇన్‌స్ట్రక్టర్: అవునండి, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. పిల్లలకి తాబేలు కనిపించగానే బొటనవేలు పైకెత్తి చూపిస్తారు, సూపర్ అని. డైవింగ్‌లో ఆ సైగకి అర్థం "పైకి పోదాం". ఇన్‌స్ట్రక్టర్ వెంటనే పైకి తీసుకొస్తాడు, తీసుకురావాలి కూడా. పిల్ల ఏడుస్తుంది, "నేను బాగుందన్నానుగా" అని. బాగుందంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. ముందురోజు రాత్రి గదిలో అరగంట మాటలు లేకుండా సైగలతోనే మాట్లాడుకోండి. మంచినీళ్లు కావాలన్నా సైగే.

వ్యాఖ్యాత: నీళ్లు వెచ్చగానే ఉంటాయి కదా, వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు అవసరమా?

వైద్యురాలు: 28 డిగ్రీల నీళ్లయినా శరీరం కంటే తొమ్మిది డిగ్రీలు చల్లన. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటి చర్మం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. మూడు మిల్లీమీటర్ల సూటు వేయించండి. పెదవులు నీలంగా మారినా, పళ్లు వణికినా పైకి తీసుకొచ్చేయాలి, సమయం మిగిలి ఉన్నా సరే. ఉదయం రెండు ఇడ్లీలు, అవి కూడా డైవ్‌కి రెండు గంటల ముందు. పూరీలు వద్దు.

వ్యాఖ్యాత: మేడం, సెలవుల లెక్క ఎలా చూసుకోవాలి?

టూర్ నిర్వాహకురాలు: మన బడులకి ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు. మామూలుగా మే మూడో వారం దాటాక అండమాన్‌కి రుతుపవనాలు వచ్చేస్తాయి. మధ్యలో ఉన్న మూడు వారాలే మనకి. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన ఊరికి విమానంలో వెళ్లి, అక్కడి నుంచి ఫెర్రీలో హావ్‌లాక్ చేరాలి. హావ్‌లాక్‌కి ఇప్పుడు అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్. గాలి పెరిగితే ఫెర్రీలు ఆపేస్తారు. కనీసం మూడు రాత్రులు హావ్‌లాక్‌లో పెట్టుకోండి. డైవ్ మొదటి రోజో రెండో రోజో ఉండాలి, చివరిరోజు మాత్రం వద్దు.

ఇన్‌స్ట్రక్టర్: ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి. పిల్లలకైతే పూర్తి రోజు ఆపమంటాను.

వ్యాఖ్యాత: పగడాలు, గవ్వలు తెచ్చుకోవచ్చా అని విశాఖ నుంచి ఒకరు అడుగుతున్నారు.

టూర్ నిర్వాహకురాలు: వద్దు. పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. విమానాశ్రయంలో సామాను తనిఖీలో దొరికితే పిల్లల ముందే సంచి విప్పిస్తారు.

ఇన్‌స్ట్రక్టర్: 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా తెల్లబడిపోయాయి. కొన్ని చోట్ల ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాయి. మోకాలు ఆనించినా కొమ్మ విరిగిపోతుంది. నీళ్లలో చేతులు ఛాతీ మీద కట్టుకోవడం పిల్లలకి ముందే నేర్పండి.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. ఒడ్డున అన్నీ తగిలించుకున్నాక పిల్ల "నేను దిగను" అంటే?

ఇన్‌స్ట్రక్టర్: జాకెట్టు విప్పేయాలి. బతిమాలకూడదు, "ఇంత డబ్బు కట్టాం" అనకూడదు. తోసి దింపిన పిల్ల రెండు మీటర్ల దగ్గర కళ్లు పెద్దవి చేసి, బుడగలు ఆగకుండా వదులుతూ, మాస్కు లాగేసుకుంటుంది. ఒడ్డున వద్దన్న పిల్లకి స్నార్కెల్, అంటే గాలి పీల్చే చిన్న గొట్టం ఇచ్చి, నడుము లోతు నీళ్లలో నాన్నతో పాటు ముఖం ముంచి చూడమనండి. అక్కడా చేపలుంటాయి. మర్నాడు తనే అడిగితే అప్పుడు చూద్దాం.