నంపైలో ఆర్గ్‌సార్ట్: శ్రోతల సందేహాలు, సమాధానాలు

వ్యాఖ్యాత: నమస్కారం. పైథాన్ భాషలో సంఖ్యల లెక్కలకు వాడే లైబ్రరీ నంపై. విలువలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చితే ఏ స్థానంలోనిది ఎప్పుడు వస్తుందో చెప్పే దాని ఫంక్షన్ ఆర్గ్‌సార్ట్ గురించి నేటి సందేహాలు. మొదటి కాల్ వరంగల్ నుంచి వచ్చింది. అడగండి.

శ్రోత: నమస్కారం మేడమ్. నేను ఉపాధ్యాయుణ్ణి. నలుగురు విద్యార్థుల పేర్లు ఒక అర్రేలో, అంటే విలువల వరుసలో, 72, 91, 58, 85 అనే మార్కులు మరో అర్రేలో ఉంచాను. మార్కులను సార్ట్ చేశాక ఏ మార్కు ఎవరిదో తెలియకుండా పోయింది. ఆర్గ్‌సార్ట్ వాడితే 2, 0, 3, 1 వచ్చింది. మొదటి విద్యార్థి ర్యాంకు 2 అనుకోవచ్చా?

నిపుణురాలు: అనుకోకూడదండీ. అవి ర్యాంకులు కావు, ఇండెక్స్‌లు, అంటే అర్రేలో స్థానాల సంఖ్యలు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక, అన్నిటికన్నా చిన్నదైన 58 ఇండెక్స్ 2లో ఉందని ఆ మొదటి అంకె చెబుతోంది. ఈ వరుసను ఒక వేరియబుల్‌లో ఉంచుకొని పేర్లకూ మార్కులకూ అదే వర్తింపజేస్తే, ఎవరి మార్కు వారి పేరు పక్కనే నిలుస్తుంది. ఒకదానితో ఒకటి ముడిపడిన అర్రేలను దయచేసి విడివిడిగా సార్ట్ చేయకండి.

శ్రోత: అర్థమైంది మేడమ్. కానీ మొదటి విద్యార్థి దగ్గర 2 అనే ఉంది కదా?

నిపుణురాలు: ఆ 2 అతనిది కాదండీ. కాగితం మీద మార్కులు రాసి, వాటి కింద 0, 1, 2, 3 వేయండి. 2 ఎవరి కింద ఉంది?

శ్రోత: 58 కింద ఉంది మేడమ్.

నిపుణురాలు: అంతే. ర్యాంకులే కావాలంటే, వచ్చిన ఇండెక్స్‌ల మీద మళ్లీ ఆర్గ్‌సార్ట్ చేయండి. 1, 3, 0, 2 వస్తుంది. అంటే 72 కింది నుంచి రెండోది.

శ్రోత: ఎక్కువ మార్కులు ముందు రావాలంటే ఎలా మేడమ్?

నిపుణురాలు: మార్కులకు మైనస్ పెట్టి ఆర్గ్‌సార్ట్ చేయండి. అయితే అర్రే రకం యూఇంట్8, అంటే 0 నుంచి 255 వరకే పట్టే పూర్ణాంకాల రకం అయితే ఆ పని చేయకండి. అందులో రుణసంఖ్యలకు చోటు లేనందున మైనస్ 91 కాస్తా 165 అవుతుంది, సున్నా మాత్రం సున్నాగానే మిగులుతుంది. దాంతో సున్నా వచ్చిన పిల్లవాడు తరగతిలో మొదటివాడైపోతాడు. ముందుగా రుణసంఖ్యలూ పట్టే ఇంట్64 రకానికి మార్చుకోండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి కాల్ గుంటూరు నుంచి.

శ్రోత: సమాన మార్కులున్నప్పుడు రోల్ నంబర్ల క్రమం చెదిరిపోతోంది మేడమ్.

నిపుణురాలు: ఆర్గ్‌సార్ట్‌కు ఇచ్చే కైండ్ అనే ఆప్షన్ దగ్గర స్టేబుల్ అని ఇవ్వండి. డిఫాల్ట్ పద్ధతిలో సమానమైనవి పాత క్రమంలోనే ఉంటాయన్న హామీ లేదు.

వ్యాఖ్యాత: చివరి కాల్. క్లుప్తంగా అడగండి.

శ్రోత: పట్టికలా ఉండే రెండు డైమెన్షన్ల అర్రేలో ప్రతి అడ్డువరుసకూ ఆర్గ్‌సార్ట్ చేసి, ఆ ఇండెక్స్‌లను అదే అర్రేకు పెడితే మూడు డైమెన్షన్ల అర్రే వస్తోంది.

నిపుణురాలు: ఆ ఇండెక్స్‌లను నంపై అడ్డువరుసల సంఖ్యలుగా తీసుకుంటోంది. టేక్ అలాంగ్ యాక్సిస్ ఫంక్షన్‌కు అర్రేనూ ఇండెక్స్‌లనూ ఇచ్చి, ఆర్గ్‌సార్ట్‌కు ఇచ్చిన యాక్సిస్‌నే, అంటే ఏ దిశలో పేర్చాలో చెప్పే విలువనే, దానికీ ఇవ్వండి. పేర్లు మరో అర్రేలో ఉంటే అవే ఇండెక్స్‌లు వాడండి, విడిగా సార్ట్ చేయకండి.

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. ధన్యవాదాలు మేడమ్.