"నేను పాపము చేసితిని" అన్న ఇద్దరు రాజులు

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, మీకందరికీ వందనాలు. ప్రభువు బల్లలో, అంటే ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో, పాలుపొందే ముందు ప్రతివారూ తమ్మును తాము పరీక్షించుకోవాలని పౌలు కొరింథీ సంఘానికి రాసిన మాట మనకు కంఠతా వచ్చినదే. అయితే పరీక్షించేదీ పరీక్షకు నిలబడేదీ ఒకే హృదయమైనప్పుడు, పైగా ఆ హృదయం అన్నిటికంటె మోసకరమైనదని యిర్మీయా చెబుతున్నప్పుడు, ఆ పరీక్షలో నిజం ఎలా బయటపడుతుంది? ఈ సిద్ధపాటు కూడికలో నేను మీతో కలిసి ఆలోచించదలచినది ఇదే.

మొదటి సమూయేలు గ్రంథం 15వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం ముగించుకున్న ఇశ్రాయేలు రాజైన సౌలు, గిల్గాలులో సమూయేలు ప్రవక్తను చూడగానే, శత్రువులను వారి పశువులతో సహా నాశనం చేయమన్న దేవుని ఆజ్ఞను నెరవేర్చానని సంతోషంగా చెబుతాడు. ఆ మాట అంటుండగానే వెనక నుంచి గొర్రెల అరుపులు, ఎడ్ల రంకెలు వినబడుతున్నాయి. ఇవి ఎక్కడివని ప్రవక్త అడిగితే సౌలు ఇచ్చిన జవాబును దయచేసి నెమ్మదిగా చదవండి. మంచి పశువులను ఉంచుకున్నది జనులట. మిగిలినవాటిని నాశనం చేసింది మాత్రం "మేము" అట. ఆ ఉంచుకున్నవి కూడా యెహోవాకు బలి అర్పించడానికేనట. తప్పును ఇతరుల ఖాతాలో వేసి, విధేయతను తన ఖాతాలో వేసుకుని, మిగిలినదానికి భక్తి ముసుగు వేశాడు. ఆత్మవంచన మనలో ప్రవేశించే దారి తరచుగా ఇదే. అది దేవుణ్ణి కాదనదు, దేవుని పేరుతోనే మాట్లాడుతుంది. చివరికి సౌలు "నేను పాపము చేసితిని" అన్నాడు. కానీ వెంటనే, పెద్దల ముందు తనను ఘనపరచమని వేడుకున్నాడు.

అతని తరువాత రాజైన దావీదు తప్పు సౌలు తప్పుకంటే చిన్నదేమీ కాదు. తన సైనికుడైన ఊరియాను చంపించి, అతని భార్యను పెళ్లాడి, ఆమెకు కుమారుడు పుట్టిన తరువాత ప్రవక్త నాతాను వచ్చేదాకా, అంటే ఎన్నో నెలలపాటు, ఆయన సింహాసనం మీద కూర్చునే ఉన్నాడు. ఆ కాలంలో ఆయన మనస్సాక్షి చచ్చిపోయిందని మనం అనుకుంటాం. కాదు. నాతాను చెప్పిన కథలో ఒక బీదవాని ఆడు గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని వినగానే ఆయన మండిపడి, నాలుగంతలు చెల్లించాలని తీర్పు చెప్పాడు. న్యాయబుద్ధి పదునుగానే ఉంది, పక్కవాని వైపు తిరిగి ఉంది, అంతే. "ఆ మనుష్యుడవు నీవే" అని నాతాను దాన్ని ఆయన వైపు తిప్పాడు. దావీదు కూడా సౌలు పలికిన మాటే పలికాడు గానీ, దాని వెనక జనుల ప్రస్తావన లేదు, ఘనతను గూర్చిన వేడుకోలూ లేదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఒకటో తారీఖున జీతం రాగానే దశమభాగం లెక్కకట్టి కవరులో పెట్టే కుటుంబం, బిడ్డకు జ్వరమొచ్చి రెండు రోజులు రాలేకపోయిన పనిమనిషికి ఆ రెండు రోజుల డబ్బు కోసి ఇస్తుంది. అడిగితే, క్రమశిక్షణ ఉండాలి గదా అంటుంది. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని యాకోబు రాసిన వాక్యాన్ని ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదివినా, అది ఏదో పెద్ద భూస్వామికి చెప్పినట్టే వినిపిస్తుంది. ప్రార్థన అంశం పేరుతో పొరుగింటి గుట్టు పదిమందికీ చేరడం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుకే "ప్రభువా, మేము పాపులం" అనే ఒప్పుకోలు ఒక్కటే చాలదని నా నమ్మకం. అందులో మనిషి పేరు లేదు, మొత్తం లేదు, రోజు లేదు. యేసును తన ఇంట చేర్చుకున్న, పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య ఒప్పుకోలు అలా లేదు. తన ఆస్తిలో సగం బీదలకన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. దావీదు పరాయివానికి వేసిన శిక్షను ఈ సుంకరి ఎవరూ అడగకుండానే తనకు తాను వేసుకున్నాడు.

ఒంటరిగా ఆలోచించుకుంటే మన వకాల్తా మనమే పుచ్చుకుంటాం. మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ 1738లో చిన్న బృందాలకు నియమాలు రాసినప్పుడు, నీ తప్పులను ఇతరులు నీ ముఖం మీదే చెప్పడం నీకు ఇష్టమేనా అని చేరబోయేవారిని ముందే అడగమన్నారు. మన సంఘాల్లో గృహకూడికలు ఎన్నో ఉన్నాయి గానీ, ఈ ప్రశ్న అడిగేవి అరుదు. భార్యగానీ భర్తగానీ నమ్మదగిన ఒక పెద్దగానీ మనకు నాతానుగా ఉండడానికి మనం అనుమతి ఇవ్వాలి. ఇచ్చాక వారు నోరు తెరిచినప్పుడు అడ్డుపడకూడదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మీలో కొందరు ఇప్పటికే చిన్న పొరపాటుకు సైతం రాత్రుళ్లు నిద్రలేక తమను తాము నిందించుకునేవారు ఉండవచ్చు. అలాంటివారికి నేను ఇంకా లోతుగా తవ్వుకోమని చెప్పను. లేని తప్పును మోయడం కూడా తన్ను గూర్చిన అసత్యమే. మన హృదయం మనమీద దోషారోపణ చేసినప్పుడు దేవుడు మన హృదయంకంటె అధికుడనీ, సమస్తమును ఎరిగినవాడనీ యోహాను రాసిన మాట ముందుగా మీ కోసమే. మీరు రేపు బల్ల దగ్గరికి భయపడకుండా రండి.