తారీఖు వేసిన చీటీ

శ్రోతలకు నమస్కారం. ఏ వస్తువుకు ఎన్నాళ్లు వారంటీ ఇవ్వాలని చట్టంలో ఉందండీ అని చాలామంది అడుగుతుంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో అన్ని వస్తువులకూ వర్తించే అలాంటి గడువేదీ లేదు. ఏడాదా, రెండేళ్లా అన్నది కంపెనీ ఇచ్చే మాట. ఆ మాట తప్పితే నిలదీసే హక్కు మాత్రం చట్టం మనకిచ్చింది.

చిత్తూరులో మా పక్కింటి అత్తమ్మ తిరుపతిలో ఒక గ్రైండరు కొన్నారు. ఏడాది వారంటీ. పదో నెలలో, ఉద్దిపప్పు సగం నలిగాక, మోటారు ఆగిపోయింది. సర్వీసు సెంటరుకు తీసుకెళితే "నీళ్లు పోయి ఉంటాయమ్మా" అన్నారట. గ్రైండరులో నీళ్లు పోయక ఇంకేం పోస్తారు! బాగుచేసి ఇచ్చారు. నెల తిరక్కుండానే మళ్లీ ఆగింది. మళ్లీ తీసుకెళ్లారు. రిపేరుకు ఇచ్చిన ప్రతిసారీ ఆమె అడిగింది ఒక్కటే: "తారీఖు వేసి చీటీ ఇవ్వు నాయనా." కుర్రవాడు విసుక్కున్నా ఆమె కదలలేదు.

పదమూడో నెలలో మూడోసారి ఆగింది. "వారంటీ అయిపోయింది, మోటారుకు డబ్బు కట్టాలి" అన్నారు. అత్తమ్మ రెండు చీటీలూ బల్ల మీద పెట్టారు. "ఈ జబ్బు వారంటీలో వచ్చిందే కదా నాయనా? మీ చేతి రాతే కదా?" అంతే. మేనేజరు వచ్చాడు, చీటీలు చూశాడు, కొత్త మోటారు వేయించాడు. కోర్టు లేదు, వకీలు లేడు.

కాబట్టి చీటీ. బిల్లు ఎలాగూ కావాలి, చీటీ కూడా కావాలి. యంత్రం నుంచి వచ్చే నున్నటి కాగితం బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. కొన్నరోజే ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని బిల్లు మీద అచ్చు వేశారని వెనక్కి తగ్గకండి. వస్తువులో లోపముంటే బిల్లులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకోవాలి. కాదంటే చట్టం దాన్ని అనుచిత వ్యాపారం అంటుంది.

చీటీ చూపినా వినకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. తిరుపతిలో కొన్నా, చిత్తూరులో ఉండేవారు చిత్తూరులోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోగా వేయాలి, ఆ చీటీలు జతచేసి.