సియోల్‌లో కనురెప్పల ఆపరేషన్: ఐదు నెలల తర్వాత నా రివ్యూ

నమస్కారం. ఈ వీడియో చేస్తానని ఒప్పుకున్నందుకు నాకు ఆపరేషన్ చేసిన క్లినిక్ వారు ఫీజులో కొంత తగ్గించారని ముందే చెబుతున్నాను. ఏం చెప్పాలన్న షరతు వారు పెట్టలేదు కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను, క్లినిక్ పేరు మాత్రం చెప్పను. బ్లెఫరోప్లాస్టీ, అంటే జారిన రెప్పల చర్మాన్ని కోసి తీసే ఈ ఆపరేషన్, ఎలా చేస్తారో, ఎంత ఖర్చవుతుందో మీరు ఇప్పటికే వేరే వీడియోలలో చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్ళను.

మా అమ్మమ్మకూ అమ్మకూ ఉన్న బరువైన పై రెప్పలే నాకూ వచ్చాయి. 45 ఏళ్ళు దాటేసరికి చర్మం జారి రెప్ప వెంట్రుకలను తాకుతూ ఉండేది, పొద్దున పెట్టుకున్న కాటుక మధ్యాహ్నానికల్లా పై రెప్పకు అంటుకునేది. రెండేళ్ళపాటు రెప్పను పైకి లేపి పట్టి ఉంచే టేపులు వాడాను. అవి చెమటకు ఊడిపోయేవి, సాయంత్రం తీసేటప్పుడు అసలే పలుచనైన చర్మాన్ని ఇంకా సాగదీసేవి. మా తమ్ముడు సియోల్ దగ్గరి సువాన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ సిన్‌బుందాంగ్ లైన్ రైలు ఎక్కితే సియోల్‌లోని గంగ్నమ్ మీదుగా సిన్సా వరకు వెళ్ళవచ్చు, సిన్సా, అప్‌గుజోంగ్ వీధులలోనేమో అడుగడుగునా ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్కులే ఉన్నాయి. అందుకే సియోల్‌ను ఎంచుకున్నాను.

నా విషయంలో డాక్టరు గారి కంటే ముందు కౌన్సెలింగ్ మేనేజరు మాట్లాడారు. ఆవిడ రెప్ప మడతల నమూనాలన్నీ చూపించి, కంటి లోపలి మూలను కూడా కొద్దిగా కోసి తెరిపిస్తే బాగుంటుందన్నారు. ముక్కు వైపు మూలను కప్పే చర్మపు మడత ఉన్నవారికి చేసే కోత అది. తూర్పు ఆసియా వారిలో ఆ మడత సాధారణం, నాకు అది లేనే లేదు. ఆ సంగతి చెబితే డాక్టరు గారు ఒప్పుకుని, అదనపు చర్మం తీస్తే చాలన్నారు. పెన్నుతో గీతలు గీస్తూ, కనుబొమకూ రెప్ప వెంట్రుకలకూ మధ్య దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలనీ, మరీ ఎక్కువ తీసేస్తే కన్ను సరిగా మూతపడదనీ వివరించారు. నాకు బాగా నచ్చిన విషయం మరొకటి ఉంది. ఒక డాక్టరును చూపించి వేరొకరి చేత ఆపరేషన్ చేయించిన ఉదంతాలు బయటపడ్డాక కొరియాలో ఒక చట్టం తెచ్చారు. స్పృహ లేని స్థితిలో చేసే ఆపరేషన్‌ను రోగి కోరితే సీసీటీవీలో రికార్డు చేయాలన్న ఆ చట్టం 2023 సెప్టెంబరు 25 నుంచి అమలులో ఉంది. నాకు మగత మందు ఇస్తామన్నారు కనుక నేను అడిగాను, మారు మాట్లాడకుండా ఫారం ఇచ్చారు.

ఆపరేషన్ గంటలో ముగిసింది. రెండు రోజులు ఐస్ పెట్టుకుని, తల కింద మూడు దిండ్లు వేసుకుని పడుకున్నాను. వాపుకు మంచిదని అక్కడివారు తాగే గుమ్మడికాయ రసం మా మరదలు తెచ్చి ఇచ్చింది. దానివల్ల వాపు తగ్గిందని చెప్పలేను కానీ, ఆ పూటలలో నాకు సయించింది అదొక్కటే. ఏడో రోజున కుట్లు తీశారు, తొమ్మిదో రోజున ఢిల్లీ మీదుగా హైదరాబాదు వచ్చేశాను.

ఆ రాత్రి మావారు నన్ను లేపి, నిద్రలో నా కుడి కన్ను కొద్దిగా తెరిచే ఉందని చెప్పి, ఫోనులో తీసిన ఫొటో చూపించారు. రెప్పల మధ్య తెల్లగుడ్డు సన్నని గీతలా కనిపిస్తోంది. కోత వల్లా వాపు వల్లా రెప్పను మూసే కండరం కొన్ని వారాలు బలహీనంగా ఉండవచ్చనీ, చాలామందిలో అది తనంతట తానే సర్దుకుంటుందనీ ఇప్పుడు నాకు తెలుసు. ఆ రాత్రి తెలియదు, ఎవరూ చెప్పలేదు. మూతపడని కంట్లో కన్నీటి పొర ఆరిపోతుంది కాబట్టి, రోజూ తెల్లవారేసరికి కంట్లో ఇసుక పోసినట్టుండేది. కొరియావారు వాడే మెసేజ్ యాప్ కాకావోటాక్‌లో క్లినిక్ వారికి ఫొటో పంపితే, వాపు సహజమేననీ ఓపిక పట్టమనీ మూడు రోజులకు జవాబు వచ్చింది. మళ్ళీ పంపితే మళ్ళీ అదే వాక్యం వచ్చింది. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ ఫొటో చూశారో లేదో ఈ రోజుకీ తెలియదు. చివరికి మా ఇంటి దగ్గరి కంటి డాక్టరు గారు రంగు చుక్క వేసి, నీలి కాంతిలో చూసి, నల్లగుడ్డు మీది పొర కింది భాగంలో చుక్కలు చుక్కలుగా ఎండిపోయిందని చెప్పారు. పగలు రెండు గంటలకోసారి కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, పైన రెప్పను మూసి ఉంచే టేపు: ఇలా ఐదు వారాలు గడిచాక కన్ను పూర్తిగా మూతపడింది.

ఇప్పుడు కోత గీత మడతలో కలిసిపోయింది, కాటుక సాయంత్రం దాకా చెదరడం లేదు. రెప్పను మాత్రమే చూసి మార్కులు వేయమంటే పదికి తొమ్మిది వేస్తాను. అయినా ఈ ప్రయాణం చేయమని మీకు చెప్పలేను, ఎందుకంటే కంటి మీద కత్తి పెట్టిన మనిషి ఆ కన్ను మూతపడని రోజుల్లో నాకు అందుబాటులో లేరు. హైదరాబాదులోనే, ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలాంటి చోట్ల, రెప్పల ఆపరేషన్లు చేసే ఆక్యులోప్లాస్టీ నిపుణులు ఉన్నారని ఆ కంటి డాక్టరు గారు చెబితే గానీ నాకు తెలియలేదు. అయినా వెళ్ళాలనుకునేవారు కన్నీరు సరిపడా ఊరుతోందో లేదో ఇక్కడే పరీక్ష చేయించుకోండి, తిరుగు టికెట్ కనీసం మూడు వారాల తర్వాతకు తీసుకోండి, ఇంటికి వచ్చాక డాక్టరే స్వయంగా వీడియో కాల్‌లో చూసే తేదీని అడ్వాన్సు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.

వచ్చే నెల, ఆరు నెలలు నిండాక, ఒక ఫొటో పంపమని క్లినిక్ వారు అడిగారు. పంపుతాను, మావారు ఆ రాత్రి తీసిన ఫొటోను కూడా దానితో జతచేసి పంపుతాను.