ముల్లు ఇరుక్కున్న తక్కెడ

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మారతహళ్ళి ట్రాఫిక్ దాటుకుని రక్తంలోని ప్రోటీన్ల గురించి వినడానికి వచ్చారంటే, మీ ఓపికకు దండం.

తక్కెడ పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించే కొట్టు మనలో చాలామంది ఊళ్ళో ఉండేది. అక్కడ కందిపప్పు పదిసార్లు తూయించినా పదిసార్లూ మనకు అంతే తరుగు. అంకె మారకపోవడం వేరు, నిజం కావడం వేరు. ఈ సంగతి మీకు తెలిసిందే. నా బెంగ ఇంకో రకం తక్కెడ గురించి.

ఇప్పుడు కొద్దిపాటి ప్లాస్మాలోనే, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలోనే, వేల ప్రోటీన్లను ఒకేసారి కొలుస్తున్నారు. పరిశోధన కోసం జనం రక్తం శాంపిళ్ళు, ఆరోగ్య వివరాలు దాచే బ్రిటన్ సంస్థ యూకే బయోబ్యాంక్‌లో 54 వేల మందికి పైగా రక్తంలో దాదాపు 2,900 ప్రోటీన్లు కొలిచారు. ఆ ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ప్లాస్మాలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ అల్బుమిన్ లీటరుకు సుమారు 40 గ్రాములు ఉంటుంది. ఒంట్లో వాపు వస్తే పెరిగే ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-6 ఆరోగ్యవంతుల్లో మిల్లీలీటరుకు కొన్ని పికోగ్రాములే (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు). రెంటికీ మధ్య సుమారు వెయ్యి కోట్ల రెట్ల తేడా!

ఒకే శాంపిల్‌ను మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు అంకెలు సగటు చుట్టూ ఎంత శాతం చెదిరాయో చెప్పేది సీవీ. 5 శాతం అంటే చప్పట్లు కొడతారు. నేనూ కొట్టేవాణ్ణి. కానీ ముల్లు ఇరుక్కున్న తక్కెడ మీద ఏం పెట్టినా ఒకటే బరువు. దాని సీవీ సున్నా! ప్రోటీన్ మరీ తక్కువగా ఉంటే మిషన్ చూపేది ఉత్త నేపథ్య సంకేతమే, అంటే ఆ ప్రోటీన్ లేకపోయినా వచ్చే అంకే, అదీ బుద్ధిగా ప్రతిసారీ ఒకేలా. అందుకే మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎంతో కూడా చూపించమంటాను. ఆ తేడా 8 శాతం, సీవీ 7 శాతం అనుకోండి, ఇక చెప్పగలిగేది ఏముంది? అదే 60 శాతం ఉంటే, 12 శాతం సీవీ ఉన్నా నాకు మహాభాగ్యం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ల్యాబ్‌లో రోగుల శాంపిళ్ళన్నీ ఒక ప్లేట్లో (మిషన్‌లో పెట్టే గుంటల పలక), ఆరోగ్యవంతులవి ఇంకో ప్లేట్లో వేసేశాం. ఫ్రీజర్ డబ్బాల్లో ఆ వరసలోనే ఉన్నాయి మరి. బోలెడు ప్రోటీన్లలో తేడా కనిపించింది, బిర్యానీ కూడా తెప్పించుకున్నాం. తీరా చూస్తే సరిచూసుకోవడానికి రెండు ప్లేట్లలోనూ వేసిన ఒకే శాంపిల్, అంటే కంట్రోల్‌లో కూడా అదే తేడా. బిర్యానీ అరిగింది కానీ ఆ సిగ్గు ఇంకా అరగలేదు. అప్పట్నుంచి శాంపిళ్ళను చీట్లు కలిపినట్టు కలిపే వేస్తున్నాం.

మిషన్ దాకా రాకముందే పాడయ్యేవీ ఉన్నాయి. రక్తం ట్యూబు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కుంటే ప్లేట్‌లెట్లు తమలోని ప్రోటీన్లను ప్లాస్మాలోకి వదిలేస్తాయి. ఆ తర్వాత ఎంత నిక్కచ్చిగా కొలిచినా లాభం లేదు. ఇప్పుడు మా ఫారంలో రక్తం తీసిన టైముకొక గడి, ప్లాస్మా వేరు చేయడానికి ట్యూబును స్పిన్ చేసిన టైముకొక గడి పెట్టాం. అవి నింపించడానికే రోజూ పోరు.