మిరియాల బాన ఎక్కడ దొరికింది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాదే. కానీ ప్రపంచ వారసత్వ దినం పుణ్యమా అని దొరికిన సమయం తక్కువ, చెప్పాల్సింది ఊరంత ఉంది. మన్నించండి.

ఆ ఊరు బెరెనికే. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున ఉంది. ఈజిప్టు రాజు రెండో టాలమీ క్రీ.పూ. 275 ప్రాంతంలో రేవు కట్టించి తల్లి పేరు పెట్టాడు. ఆఫ్రికా నుంచి యుద్ధపు ఏనుగులను అక్కడ దించేవారు. ఊళ్లో తాగే నీళ్లు లేవు. ఎడారి బావుల నుంచి మోసుకురావాల్సిందే. నైలు ఒడ్డున ఉన్న కోప్టోస్ నుంచి 12 రోజుల ప్రయాణమని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఊరి గుడిని 1818లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ చూశాడు. చాలాకాలం సెరాపిస్ దేవుడి గుడి అన్నారు, ఇప్పుడు ఐసిస్ దేవత గుడి అంటున్నారు.

1999లో ఆ గుడి ముంగిట్లో నేలలో పాతిన బాన ఒకటి దొరికింది. మన దేశంలో చేసిన బాన, మొదటి శతాబ్దానిది. అందులో 7.55 కిలోల మిరియాలు! మలబారు పంట. బజారులో దొరికి ఉంటే సరుకనేవాళ్లం. గుడి ముంగిట్లో దొరికింది కాబట్టి, దేవుడి కోసం దాచారా, గుడివాళ్లే వ్యాపారంలో ఉన్నారా అన్న ప్రశ్న పుట్టింది. వస్తువు ఒకటే, చోటు మారితే చరిత్ర మారుతుంది. నేను చెప్పదలచింది ఇదే.

అక్కడ మట్టిని పొరపొరగా తీస్తారు. ఒక పొర మట్టి ఇంకో పొరలో కలవకూడదు. తీసిన మట్టిని జల్లెడ పడతారు. ముతక జల్లెడైతే రెండు మిల్లీమీటర్ల గాజుపూస జారిపోతుంది. గింజల కోసం 5, 2, 1, అర మిల్లీమీటరు జల్లెడలు ఒకదాని కింద ఒకటి పెట్టాలి. కాలిన గింజలైతే నీళ్లలో తేల్చవచ్చు. ఎడారిలో ఎండిన గింజ నీరు తగిలితే ఉబ్బి పగులుతుంది. కుండపెంకును కడిగే ముందు సిరా రాత ఉందేమో చూడాలి, లేకపోతే రాత నీళ్లపాలే. అంత ఓపిక పట్టబట్టే పెసలు, వరి, కొబ్బరి, చివరికి గురివింద గింజలు కూడా బయటపడ్డాయి.

ఇక బుద్ధుడి సంగతి. 2022 తవ్వకాల్లో, ఆ గుడిలోనే, 71 సెంటీమీటర్ల బుద్ధ విగ్రహం దొరికింది. తల వెనుక సూర్యకిరణాల ప్రభ. మన పడవలు మోసుకెళ్లిన విగ్రహమని ఎంతమంది చెప్పారో! ఆ పాలరాయి ఇస్తాంబుల్ దక్షిణపు గనులదని, చెక్కింది ఈజిప్టులోనే కావచ్చని తవ్వినవారి మాట. అంటే బుద్ధుణ్ణి కొలిచేవారు అక్కడే ఉండి, అక్కడి శిల్పితో చెక్కించుకుని ఉండవచ్చు. ఇది ఎగుమతి కన్నా పెద్ద విషయం కాదా? రోమన్ చక్రవర్తి ఫిలిప్ కాలపు సంస్కృత శాసనం దొరికింది. రెండో శతాబ్దపు శాతవాహన నాణేలు రెండు దొరికాయి.

శాతవాహన నాణేలు! అయ్యా, ఈ సభలో నాణేలు దాచుకునేవారు ఉన్నారు, మీకే చెబుతున్నాను. బెరెనికేలో రెండు నాణేలు దొరికితే ఏ తవ్వకంలో దొరికాయో రాసుకున్నారు. మన కోటిలింగాల వైపు, గోదావరి ఒడ్డున, దున్నితే తేలిన సీసం నాణేలు డబ్బాల్లోకి చేరుతున్నాయి. ఏ పొలంలోవని అడిగితే జవాబుండదు. ఇత్తడి చెంబులా చింతపండుతో తోమేస్తారు, అక్షరం పోతుంది. చెక్క పెట్టెలో పెడతారు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లపిండిగా రాలుతుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ వేయించిన ఓడ బొమ్మ నాణెం అలా పొడైతే మళ్లీ ఎవరు చెక్కుతారు?

తోమకండి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, మూత బిగిసే పాలిథీన్ డబ్బాలో, తడి పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. పొలం సర్వే నంబరు, లోతు, పక్కన ఏ పెంకులున్నాయో అదే రోజు రాయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. పాతిపెట్టిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచే చట్టముంది. ఇక్కడున్నవారిలో ఎవరి దగ్గరైనా డబ్బాలో నాణేలుంటే, ఇచ్చినవాళ్లు బతికుండగానే వెళ్లి అడగండి: ఎక్కడ దొరికింది?