పొద్దున మొదటి సిగరెట్

శ్రోతలందరికీ నమస్కారం.

సిగరెట్ మానాలని డాక్టర్ దగ్గరికి వెళితే, రోజుకి ఎన్ని తాగుతారని ఎలాగూ అడుగుతారు. దానితోపాటు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు?"

నన్ను అడిగినప్పుడు "అయిదు నిమిషాలకి" అన్నాను. రాత్రంతా పొగ లేకపోవడంతో ఒంట్లో నికోటిన్ బాగా తగ్గిపోతుంది. లేచిన అరగంట లోపే వెలిగించక తప్పట్లేదంటే అలవాటు బాగా ముదిరిందన్నమాట. ఏ సాయం ఎంత మోతాదులో కావాలో ఆ జవాబులోనే చాలావరకు తేలిపోతుంది.

సాయం అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. "పట్టుదల ఉండాలి గానీ దీనికి మందులెందుకు?" అంటారు. నేనూ అలాగే అనుకుని మూడుసార్లు మానేశాను, మూడుసార్లూ మళ్లీ మొదలుపెట్టాను. ఏ తోడూ లేకుండా మానడానికి ప్రయత్నించినవాళ్లలో ఆరు నెలలో, ఏడాదో నిలబడగలిగేది నూటికి ముగ్గురి నుంచి అయిదుగురే. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నన్ను నేను అంత తిట్టుకునేవాణ్ణి కాదు.

లెక్క చూడండి. పీల్చిన పొగలోని నికోటిన్ 10, 20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. ఒక్క సిగరెట్‌కి సుమారు పది దమ్ములు. రోజుకి ఇరవై సిగరెట్లంటే 200 దమ్ములు. అంటే రోజుకి 200 సార్లు మెదడుకి అదే పాఠం చెబుతున్నాం, అదీ ఏళ్ల తరబడి. అంత గట్టిగా నేర్చుకున్నది ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన చెరిగిపోదు.

మానిన మొదటి మూడు రోజులూ గట్టివి. చిరాకు, టెన్షన్, ఆకలి, నిద్ర పట్టకపోవడం. చిన్న మాటకే కోపం వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవన్నీ నెమ్మదిస్తాయి. నాలుక పీకేస్తున్నట్టు వచ్చే కోరిక కూడా, వచ్చిన ప్రతిసారీ కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. కాఫీ తాగేవాళ్లకి ఇంకో మాట. పొగ వల్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. పొగ మానేశాక అదే కాఫీ ఇంకా ఎక్కువగా ఎక్కుతుంది. గుండె దడ, నిద్రలేమి అనిపిస్తే అదంతా సిగరెట్ లేకపోవడం వల్లేనని భయపడకుండా, కాస్త కాఫీ తగ్గించి చూడండి.

నికోటిన్ గమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను మొదట పూర్తిగా తప్పుగా వాడాను. మామూలు చూయింగ్ గమ్ లాగే గబగబా నమిలేశాను. గొంతు మండింది, ఎక్కిళ్లు వచ్చాయి. పనికిరాదని పారేశాను. నాకు ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే, అందులోని నికోటిన్ చెంప లోపలి పొర నుంచే ఒంట్లోకి వెళ్లాలి. మింగితే చాలావరకు వృథా. అందుకే మెల్లగా నాలుగైదు సార్లు నమలాలి. నోట్లో మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, పళ్లరసం లాంటివి తాగకూడదు. 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది రెండు రకాలు. నాలాగా లేవగానే వెలిగించేవాళ్లకి సాధారణంగా 4 ఇస్తారు.

ఈ గమ్ 1960ల చివర్లో స్వీడన్‌లో మొదలైంది. జలాంతర్గాముల్లో పొగకి వీల్లేని నావికులు నోటి పొగాకుతో సర్దుకుంటున్నారని విని, ఓవే ఫెర్నో అనే శాస్త్రవేత్త దాని మీద పని చేశారు.

చర్మానికి అంటించుకునే ప్యాచ్ రోజంతా నెమ్మదిగా నికోటిన్ ఇస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి వచ్చే కోరికకి గమ్. ఒక్కటే వాడేవాళ్ల కంటే ఈ రెండూ కలిపి వాడేవాళ్లే ఎక్కువగా మానగలుగుతున్నారు. వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ అనే మాత్రలూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఇవన్నీ ఉన్నాయి. మాత్రలు మాత్రం డాక్టర్ చెబితేనే వేసుకోవాలి.

మందుతోపాటు ఒక మనిషి తోడు ఉండాలని కూడా ఆ సూచనలు చెబుతున్నాయి. నా అనుభవంలో బరువంతా మోసింది ఆ తోడే. మా కౌన్సెలర్ మొదటి రోజు నన్ను పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టమని, ఒక చిన్న మీటర్‌లోకి ఊదమన్నారు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో అది చూపిస్తుంది. 24 వచ్చింది. మానిన వారానికి ఊదితే 3. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఈ వయసులో మానితే ఏం ఒరుగుతుందని నేను గొణిగితే ఆవిడ బ్రిటన్ డాక్టర్ల మీద జరిగిన పరిశోధన సంగతి చెప్పారు. యాభై ఏళ్లు గమనించి 2004లో ప్రకటించిన ఫలితాలవి. అరవయ్యో ఏట మానినవాళ్లకి కూడా సుమారు మూడేళ్ల ఆయుష్షు కలిసొచ్చింది.

అయిదో నెలలో ఒక రాత్రి నేను జారాను. ఒక ప్యాకెట్ కొని, ఒకటి తాగి, ఏం చెయ్యాలో తెలియక ఆవిడకి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. "మిగతావి ఎక్కడున్నాయి?" అని అడిగారు. జేబులో అన్నాను. "ఫోన్ పెట్టెయ్యకండి. వాటిని కుళాయి కింద పెట్టండి." పెట్టాను. నీళ్ల చప్పుడు ఆగేదాకా ఆవిడ మాట్లాడలేదు. తర్వాత "మీరు పొద్దున ఎన్నింటికి లేస్తారు?" అని అడిగారు.

మర్నాడు నేను లేచిన అయిదు నిమిషాలకి ఫోన్ మోగింది.